కార్డు మీద డాక్టరు పేరేదీ?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు,



ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. రాష్ట్రాలు రెండయ్యాయి గానీ పెద్దాసుపత్రి ముందు ఓపీ చీటీ వరస రెండుచోట్లా ఒకేలా ఉంది. విడివిడిగా రాయాల్సిన పని కనబడలేదు.

డెన్మార్క్‌లో దాదాపు ప్రతి మనిషి జేబులోనూ పసుపుపచ్చ ఆరోగ్య కార్డు ఒకటుంటుంది. దాని మీద ఆ మనిషి పేరు, చిరునామా, 1968 నుంచి ఆ దేశం తన పౌరులకు ఇస్తున్న గుర్తింపు సంఖ్య అచ్చువేసి ఉంటాయి. వాటితోపాటు ఆ మనిషిని చూసుకునే డాక్టరు పేరు, క్లినిక్కు చిరునామా, ఫోను నంబరు కూడా ఉంటాయి. డాక్టర్ని మార్చుకుంటే కొత్త కార్డు ఇంటికొస్తుంది. ఇప్పుడు, 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద మనకిస్తున్న ఆభా కార్డు తీసి చూడండి. ఫొటో ఉంది, పుట్టిన తేదీ ఉంది, పద్నాలుగంకెల సంఖ్య ఉంది, స్కాన్ చేయడానికి క్యూఆర్ కోడ్ ఉంది. డాక్టరు పేరు లేదు. ఆరోగ్యశ్రీకి ఆధారంగా చూపించే రేషన్ కార్డు మీద ఎలాగూ ఉండదు.

డెన్మార్క్‌లో పేరు నమోదంటే ఒక డాక్టరు జాబితాలో చేరడం. ఒంట్లో బాగున్న రోజున కూడా ఆ జాబితాలో పేరుంటుంది, ఆ మనిషి బాగోగులు ఒకరి పూచీ. మన దగ్గర నమోదంటే ఆ పూటకి చీటీ రాయించుకోవడం. మధ్యాహ్నం ఓపీ మూసేసరికి ఆసుపత్రికీ మనకీ సంబంధం తీరిపోతుంది. ఈ పద్ధతి మార్చమని అడగడానికే ఈ ఉత్తరం.

మీరు తనిఖీకి వెళ్లినప్పుడు వార్డులు చూపిస్తారు, కొత్తగా వచ్చిన స్కానింగ్ యంత్రం చూపిస్తారు. ఈసారి ముందుగా చెప్పకుండా పొద్దున్నే వెళ్లి ఓపీ కౌంటరు పక్కన అరగంట నిలబడండి. ఆడవాళ్లదొక వరస, మగవాళ్లదొక వరస. అద్దం వెనక కుర్రాడు తల ఎత్తకుండా అడుగుతుంటాడు: పేరు? వయసు? ఏ ఊరు? దేనికి? మొదటి మూడింటికీ జవాబు సులువు. నాలుగోదాని దగ్గరే చిక్కు. ‘కాళ్లు లాగేస్తన్నాయి నాయనా, కళ్లు తిరుగుతన్నాయి, అన్నం సయించట్లేదు’ అంటుంది ముసలమ్మ. ఆవిడ చెప్పింది మూడు బాధలు. కంప్యూటర్లో విభాగం గడి ఒకటే. కుర్రాడు మొదటి ముక్క పట్టుకుని ‘ఆర్థో’ నొక్కుతాడు. ఆర్థో గది ముందు రెండు గంటలు కూర్చున్నాక అక్కడి డాక్టరు, ఇది షుగరులా ఉంది, మెడిసిన్‌కి వెళ్లమంటాడు. మెడిసిన్‌కి మళ్లీ చీటీ కావాలి. కౌంటరు దగ్గరికి వచ్చేసరికి టైమైపోతుంది, రేపు రమ్మంటారు. రేపంటే మళ్లీ బస్సు చార్జీ, కూడా వచ్చిన కొడుక్కి ఇంకో రోజు కూలి పోవడం.

కుర్రాడి తప్పేం లేదు. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం, వెనక వందలమంది. తప్పంతా వాడికి మనం అప్పజెప్పిన పనిలో ఉంది. ఈ మనిషి ఏ విభాగానికి వెళ్లాలో తేల్చడం వైద్యంలో అతి కష్టమైన పనుల్లో ఒకటి. బ్రిటన్‌లో ఆ పని జీపీ అనే డాక్టరు చేస్తాడు. అందుకోసం మెడికల్ కాలేజీలో అయిదేళ్లు, ఆ తరవాత శిక్షణలో మరో అయిదేళ్లు గడుపుతాడు. మన దగ్గర కౌంటర్లో రెండు క్షణాల్లో అయిపోతోంది.

ఆ ముసలమ్మ చేతిలో సంచి కూడా చూడండి. సాధారణంగా ఏ నగల దుకాణం వాళ్లో, బట్టల కొట్టు వాళ్లో ఇచ్చిందై ఉంటుంది. అందులో మూడేళ్ల కిందటి ఎక్స్‌రే, సిరా వెలిసిపోయిన ఈసీజీ కాగితం, నాలుగు ఆసుపత్రుల చీటీలు, సగం వాడిన మాత్రల అట్టలు ఉంటాయి. ఆవిడ వైద్య చరిత్రంతా అదే, దాచేదీ మోసేదీ ఆవిడే. బ్రిటన్‌లో 1911 నాటి బీమా చట్టంతో కార్మికుల పేర్లు డాక్టర్ల జాబితాల్లోకి ఎక్కాయి. ఆ చట్టం తెచ్చిన ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ పేరుతోనే పిలిచే చిన్న కాగితపు కవర్లలో రోగి వివరాలు దాచేవారు. మనిషి ఊరు మారి కొత్త డాక్టరు దగ్గర చేరితే ఆ కవరు అతని వెంట కొత్త క్లినిక్కుకి చేరేది. కంప్యూటర్లు వచ్చాక కూడా ఎన్నో ఏళ్లు అవి వాడుకలో ఉన్నాయి. ఆ దేశంలో ముందు పుట్టింది జాబితా. కంప్యూటర్ దాని మీదకి వచ్చి కూర్చుంది. మనం జాబితా లేకుండానే కంప్యూటర్ తెచ్చాం.

క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ వచ్చే ఏర్పాటు పెట్టామని మీ అధికారులు చెబుతారు. మంచిదే, కాదనను. స్మార్ట్‌ఫోను ఉన్నవాడికి వరస తగ్గింది. ఫోను లేనివాళ్లు, ఉన్నా ఓటీపీ చూసి చెప్పలేనివాళ్లు పాత వరసలోనే ఉన్నారు. ఆసుపత్రి అవసరం ఎక్కువగా ఉన్నది ఎవరికో మీకు తెలియంది కాదు. పైగా ఆ టోకెన్ కూడా ఒక్క పూటకే.

మన పిల్లలు చదువులకని బ్రిటన్ వెళుతున్నారు కదా, వాళ్ల అనుభవం చెబుతాను. వీసాతో పాటే ఆరోగ్య సర్‌చార్జీ అని విద్యార్థి దగ్గర ఏడాదికి 776 పౌండ్లు ముందుగా కట్టించుకుంటారు. 2024 ఫిబ్రవరిలో పెంచిన రేటు ఇది. అంత డబ్బు కట్టిన పిల్లలు సూట్‌కేసులో డోలో, అజిత్రోమైసిన్, అమ్మ పెట్టిన శొంఠిపొడి సర్దుకుని వెళతారు గానీ, దిగగానే దగ్గర్లోని జీపీ క్లినిక్కులో పేరు రాయించుకోవడం చాలామందికి తట్టదు. జ్వరం వచ్చాకే ఎవరో ఒకరు చెబుతారు. ఆ నమోదు ఫారంలో పేరు, పుట్టిన ఊరు, దేశం, బ్రిటన్‌కి ఎప్పుడొచ్చారు, ఇంతకుముందు డాక్టరు ఎవరు, ఇలాంటివే అడుగుతారు. ఇంగ్లండ్ నిబంధనల ప్రకారం గుర్తింపు కార్డు లేదనో, ఇంటి అద్దె కాగితం లేదనో చేర్చుకోవడం మానకూడదు. వీసా సంగతితో కూడా నిమిత్తం లేదు. ఇళ్లు లేనివాళ్లు సైతం చేరవచ్చు. పేరెక్కితే అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఇచ్చే పదంకెల నంబరు కింద కాగితాలన్నీ ఒకచోటికి చేరతాయి. డాక్టర్ని చూసినందుకు చేతి నుంచి పైసా పెట్టనక్కర్లేదు.

ఆ పిల్లలు ఇంటికి ఫోన్ చేసి తిట్టుకునేది కూడా ఇదే డాక్టర్ని. జలుబంటే యాంటీబయోటిక్ రాయడు. చర్మం డాక్టరు దగ్గరికి నేరుగా పోనివ్వడు. పొద్దున ఎనిమిదింటికి క్లినిక్కు ఫోను కలవడమే గగనం. స్పెషలిస్టుకి రాస్తే పద్దెనిమిది వారాల్లో చికిత్స మొదలవ్వాలన్నది అక్కడి లెక్క, ఆ లెక్క తప్పి ఎదురుచూస్తున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. అందుకే సెలవులకి హైదరాబాద్‌లో దిగిన మర్నాడే పళ్ల డాక్టరు, రక్తపరీక్షలు, స్కానింగ్ అన్నీ ముగించుకుని విమానం ఎక్కుతారు. చేతిలో డబ్బున్నవాడికి మన దగ్గర దొరికే వేగం లండన్‌లో లేదు. ఈ సంగతి దాచిపెట్టి మీకు విదేశాల గొప్పలు చెప్పడం నా ఉద్దేశం కాదు.

జాబితా పెడితే చాలు, అన్నీ చక్కబడతాయనీ అనుకోవద్దు. కెనడాలో లక్షలమందికి ఆరోగ్య కార్డుంది, ఫ్యామిలీ డాక్టరు లేడు. 2025 జనవరిలో ఒంటారియోలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్లో కొత్త డాక్టరు తన జాబితాలో చేర్చుకుంటున్నాడని తెలిసి వందలమంది చలిలో, మంచులో వరస కట్టారు. చోటున్నది మొదటి 500 మందికే. డాక్టర్లు లేకుండా జాబితా తెరిస్తే ఓపీ వరస అక్కడికి మారుతుంది, అంతే. జపాన్‌లో అసలు జాబితా గొడవే లేదు. 1961 నుంచి అందరికీ బీమా ఉంది, బీమా చూపించి నచ్చిన క్లినిక్కుకి నేరుగా వెళ్లొచ్చు, మామూలుగా ఖర్చులో 30 శాతం మనం కట్టాలి. ఏ వైద్యానికి ఎంత తీసుకోవాలో దేశమంతటికీ ప్రభుత్వమే ధర నిర్ణయిస్తుంది కాబట్టి ఆ స్వేచ్ఛ సాగుతోంది. మన కార్పొరేట్ ఆసుపత్రులు ఆ షరతుకి ఒప్పుకునే రోజున జపాన్ దారి మాట్లాడుకుందాం.

అమెరికాలో ఉన్న మనవాళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. అక్కడ ఒంట్లో బాగోకపోతే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, ఆ డాక్టరు మన ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నాడా లేడా అని. 1986లో చేసిన చట్టం వల్ల ఎమర్జెన్సీకి వచ్చినవాణ్ణి డబ్బు లేదని వెనక్కి పంపకూడదు. పరీక్షించి, గండం గట్టెక్కించాలి. బిల్లు మాత్రం తరవాత ఇంటికొస్తుంది. మనవడి కోసం ఆర్నెల్లు వెళ్లే అమ్మానాన్నలు ఇక్కడి నుంచే ఆర్నెల్ల బీపీ మాత్రలు, షుగరు మాత్రలు మోసుకెళ్లేది అందుకే. మంత్రులారా, మన ఆరోగ్యశ్రీ కూడా నెట్‌వర్క్ ఆసుపత్రులతో నడిచే పథకమేనని ఇక్కడ గుర్తుచేస్తున్నాను.

మనం చూడాల్సింది థాయిలాండ్ వైపు. 2001లో మొదలుపెట్టి, మరుసటి ఏడు చట్టం చేసి, ఏ బీమా లేని జనం మొత్తాన్ని ఒకే గొడుగు కిందికి తెచ్చింది ఆ దేశం. ఒక్కసారి వైద్యానికి 30 బాత్‌లు అన్నది ఎన్నికల నినాదమై ప్రపంచమంతా పాకింది గానీ, అసలు కిటుకు అది కాదు. పథకానికి రూపం ఇచ్చిన డాక్టర్ సంగువాన్ నిత్తయారంఫొంగ్ బృందం ప్రతి మనిషినీ వాళ్ల ప్రాంతంలోని ఆరోగ్య కేంద్రం, జిల్లా ఆసుపత్రి జాబితాలో చేర్చింది. జాబితాలో ఎంతమంది ఉన్నారో లెక్కగట్టి తలసరి ఇంత అని ఏటా ఆ ఆసుపత్రికి డబ్బు పంపింది. ఓపీకి ఎంతమంది వచ్చారన్న లెక్కతో ఆ డబ్బుకి సంబంధం లేదు. అంటే జాబితాలోని మనిషి బీపీ అదుపులో ఉంటే ఆసుపత్రికి డబ్బు మిగులుతుంది. బ్రిటన్ జీపీకి అందే నిధుల్లో పెద్ద భాగం కూడా ఇలాగే తలలెక్కన వస్తుంది.

మన ఆరోగ్యశ్రీలో డబ్బు ఎప్పుడు కదులుతుంది? గుండె రక్తనాళం మూసుకుపోయి స్టెంటు వేసినప్పుడు. కిడ్నీ చెడి డయాలసిస్ మొదలైనప్పుడు. 2007లో ఈ పథకం మొదలయ్యాక ఎన్నో ప్రాణాలు నిలిచాయి, పేదవాడు కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కగలిగాడు, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆ స్టెంటు అవసరం రాకుండా పదేళ్లు ముందు నుంచి చూసుకున్నవాళ్లకి మన లెక్కల్లో పద్దు లేదు. పథకం పరిమితిని లక్షల్లో పెంచుకుంటూ పోవడం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. జబ్బు ముదిరాక ఇచ్చే సొమ్ము పెరిగింది, జబ్బు మొదట్లో చూసే మనిషి మాత్రం దొరకలేదు.

ఆ మనిషి అసలు లేడనుకోవద్దు. ఉన్నాడు, ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. ఆర్‌ఎంపీ అంటాం. ఏ ఇంట్లో ఎవరికి షుగరుందో, ఏ పిల్లకి ఏ మందు పడదో ఆయనకి తెలుసు. రాత్రి పదకొండింటికి ఫోను ఎత్తేది ఆయనే. జ్వరమంటే సూది వేస్తాడు, ఆ సూదిలో స్టెరాయిడ్ ఉందో యాంటీబయోటిక్ ఉందో అడిగేవాళ్లు లేరు. పట్నంలో ఏ ఆసుపత్రికి పోవాలో చెప్పేదీ ఆయనే. అలా పంపినందుకు ఆయనకి ఎంత ముడుతుందో ఊళ్లో తెలియనివాళ్లు లేరు. జనం ఆయన దగ్గరికి తెలివితక్కువై పోవడం లేదు. తమను పేరు పెట్టి పిలిచే వైద్యుడు ప్రభుత్వం తరఫున లేక పోతున్నారు.

ఇదంతా మన వల్ల అయ్యే పనేనా అని మీ అధికారులు అడగవచ్చు. చేస్తూనే ఉన్నాం. ఊళ్లో ఆడపిల్ల నెల తప్పితే మూడో నెల దాటకుండా ఏఎన్‌ఎమ్మో, ఆశా కార్యకర్తో పేరు రాసుకుంటారు. తల్లీబిడ్డ కార్డు చేతికొస్తుంది. అందులో ఆఖరి బహిష్టు తేదీ, కాన్పు తేదీ, హిమోగ్లోబిన్, బరువు, ధనుర్వాతం టీకా, అన్నింటికీ గడులుంటాయి. బిడ్డ పుట్టాక టీకాల పేజీ మొదలవుతుంది. టీకా వేసే బుధవారమో శనివారమో తల్లి రాకపోతే ఆశా ఆ ఇంటి గుమ్మంలో ఉంటుంది: ‘ఏమ్మా, బిడ్డని తీసుకురాలేదేం? జొరమొచ్చిందా?’ పేరు నమోదంటే ఇదీ. రోగి రాకపోతే ఆరోగ్య శాఖ కంగారుపడాలి. డెన్మార్క్‌లో చేసేదీ ఇంతకంటే గొప్పదేం కాదు. కాకపోతే టీకాలు ముగిశాక మన పిల్లవాడు మన రిజిస్టర్లోంచి దాదాపు మాయమైపోతాడు. ముప్పై దాటాక బీపీ, షుగరు సర్వేలో ఒకసారి కనబడితే కనబడతాడు. ఆ తరవాత ఏకంగా పక్షవాతంతో 108లో.

ఈఎస్‌ఐ కార్మికుడికి కూడా 1952 నుంచి డిస్పెన్సరీ ఫలానా అని రాసిపెట్టి ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి సీజీహెచ్‌ఎస్ వెల్‌నెస్ సెంటరు ఉంది. వాటిలో మందుల కొరత, విసుగు మాటలు ఎన్ని ఉన్నా, ఎక్కడికి పోవాలన్న ప్రశ్న వాళ్లకి లేదు. రైతుకీ, కూలీకీ, చిన్న దుకాణదారుకీ మాత్రమే ఆ ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్ ఒకసారి ఈ దారిలో నాలుగడుగులు వేసింది. 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలైంది. పీహెచ్‌సీ డాక్టర్లకి ఊళ్లు పంచారు, నెలకి రెండుసార్లు ఊరికి వెళ్లి చూడాలన్నారు. అది ఏ పార్టీ ప్రభుత్వం తెచ్చిందన్నది పక్కన పెట్టండి, ఆలోచన సరైనది. ఊళ్లు పంచినంత వరకూ వచ్చిన పని, మనిషి మనిషికీ డాక్టరు పేరు జతచేసి, ఆ పేరు వెంట డబ్బు కదిలేంత దూరం పోలేదు. తెలంగాణ బస్తీ దవాఖానాలు కూడా అంతే. ఇంటి పక్కకి డాక్టరు వచ్చాడు, అది చాలా పెద్ద మేలు. అయితే పక్క బస్తీ మనిషి ఆ డాక్టరు పూచీయా కాదా అన్నది ఎవరూ తేల్చలేదు.

లెక్క కష్టమని నాకూ తెలుసు. మైదాన ప్రాంతంలో 30 వేల జనానికి, గిరిజన ప్రాంతంలో 20 వేలకి ఒక పీహెచ్‌సీ అన్నది మన కొలత. ఇంగ్లండ్‌లో ఒక జీపీకి సగటున రెండు వేల పైచిలుకు పేర్లుంటాయి. ఒకరిద్దరు డాక్టర్లు 30 వేలమందికి కుటుంబ వైద్యులు కాలేరు. కానీ సబ్‌సెంటర్ స్థాయిలో అయిదు వేలమందికి ఒక ఎంఎల్‌హెచ్‌పీ, అంటే మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త, ఉండాలని మన నిబంధనే చెబుతోంది. కార్డు మీద మొదటి పేరు ఆమెది వేయండి. రెండో పేరు ఆమె వెనక ఉండే పీహెచ్‌సీ డాక్టరుది. ఇద్దరి ఫోను నంబర్లూ ఉండాలి, ఆ ఫోను ఎత్తడం వాళ్ల ఉద్యోగంలో భాగం కావాలి. బదిలీ అయితే కొత్త పేరుతో కార్డు పంపండి. ఖాళీ ఉంటే ఆ గడి ఖాళీగానే అచ్చువేయండి. అప్పుడు ఎన్ని ఖాళీలున్నాయో అసెంబ్లీలో ప్రశ్న వేయనక్కర్లేకుండానే జనానికి తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఎంఎల్‌హెచ్‌పీ రాసిన కాగితం లేకుండా పెద్దాసుపత్రికి రావద్దని మాత్రం ఇప్పుడే నిబంధన పెట్టకండి. పీహెచ్‌సీలో డాక్టరు కూర్చోని ఊళ్లో ఆ నిబంధన ప్రాణం తీస్తుంది. ఫ్రాన్స్ పద్ధతి కొంత నయం. 2004 చట్టం ప్రకారం అక్కడ ఎవరి డాక్టర్ని వాళ్లు ఎంచుకుంటారు. ఆ డాక్టరు ద్వారా వెళితే బీమా 70 శాతం తిరిగిస్తుంది, ఆయన్ని దాటి వెళితే 30 శాతమే. తలుపులు మూయలేదు, సరైన దారిన వచ్చినవాడికి మేలు చేశారు. మనం కూడా ఎంఎల్‌హెచ్‌పీ కాగితం రాసి పంపిన మనిషికి పెద్దాసుపత్రిలో వేరే కౌంటరు పెట్టి, నేరుగా సరైన గది దగ్గరికి పంపితే చాలు. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లే కాళ్లు వాటంతటవే ఇటు తిరుగుతాయి.

వలస సంగతి కూడా మొదట్లోనే చూడండి. థాయిలాండ్‌లో సొంతూళ్లో పేరుండి బ్యాంకాక్‌లో పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి ఇబ్బందిపడ్డారు. 2024 జనవరిలో నాలుగు ప్రావిన్సులతో మొదలుపెట్టి, పౌరుడి గుర్తింపు కార్డు చూపిస్తే ఎక్కడైనా చూసే ఏర్పాటు అప్పుడు తెచ్చారు. హైదరాబాద్‌లో అపార్టుమెంట్లు కట్టే శ్రీకాకుళం మేస్త్రి, ముంబైలో రాళ్లెత్తే పాలమూరు కూలీ అంతకాలం ఆగలేరు. డాక్టర్ని మార్చుకోవడం సిమ్ కార్డు మార్చుకున్నంత తేలిగ్గా ఉండాలి. ఆధార్ అడ్రసు వేరే ఊళ్లో ఉందని ఎవర్నీ వెనక్కి పంపకూడదు.

వచ్చే బడ్జెట్‌లో రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో మండలం ఎంచుకోండి. పాడేరు వైపు ఒకటి, నారాయణపేట వైపు ఒకటి అయితే మరీ మంచిది, కష్టం ఎక్కడుందో అక్కడే తేలుతుంది. ఆ మండలంలో ఇంటింటికీ వెళ్లి, ఫోను అడక్కుండా, ఓటీపీ అడక్కుండా పేర్లు రాయించండి. తలసరి లెక్కన ఏడాది డబ్బు ముందుగా పీహెచ్‌సీ ఖాతాలో వేయండి. ఏడాది తరవాత ఆ మండలం నుంచి పెద్దాసుపత్రి ఓపీకి ఎంతమంది వచ్చారో, ఆరోగ్యశ్రీ కింద ఎంత ఖర్చయిందో, పక్క మండలంతో పోల్చి ఆ లెక్క పత్రికలకివ్వండి. తగ్గకపోతే పథకం ఆపేయండి, ఎవరూ తప్పుపట్టరు. ఈ పని ఎప్పుడు మొదలుపెడతారో చెబుతూ ఒక జవాబు రాయగలరని కోరుతున్నాను.

భవదీయుడు,
ఓ ఓటరు